కత్తిరింపులు

నీరద మా పిన్ని.
గుడివాడలో జిరాక్సు కొట్టు.
కాగితం వేడి తగ్గకముందే చేతిలో పెట్టి
"చిల్లర రేపిద్దువులే" అనేది.
ఆ రేపు ఎవరికీ వచ్చేది కాదు.

మెరిలిన్ హ్యూ వాళ్ళమ్మ.
ఇక్కడే బాంగర్‌లో, స్టేషను పక్క సందులో
ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు పొట్టి చేస్తుంది.
నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది.
నాకు సగం అర్థమవుతుంది, సగం చాలు.

ముప్పై తొమ్మిదో రోజు.
నలభై రెండు దాటితే ఊరుకోరట.
వంటింటి బల్ల మీద, పాలసీసాల మధ్య
రెండు పేర్లూ పరిచి
ఒకదాని తల, ఒకదాని తోక ఉంచి
కుట్టేశాం:
నీర్లిన్.

"అర్థం?" అన్నాడు ఫోన్లో పెదనాన్న.
లేదన్నాను.
"ఉప్పు డబ్బా మీద కూడా ఉప్పని రాస్తారే అమ్మాయ్!"

వాన. రిజిస్ట్రారు ఎనిడ్
గొడుగులు మూల పెట్టమంది.
రాయబోయి కలం ఆపి
"ఒక ఎల్లా, రెండా?
రెండైతే మా వెల్ష్‌లో చెరువు" అంది.
హ్యూ చెవులు ఎర్రబడ్డాయి.
తాతతోనే వాళ్ళింట్లో ఆ భాష ఆగిపోయింది.
దారి బోర్డుల మీద రోజూ చదివే మాటే,
బిడ్డ మీద ఆనవాలు పట్టలేకపోయాడు.

ఆ రెండు ఎల్‌లూ ఎలా పలకాలో చూపించింది.
నాలుక పళ్ళ వెనక ఆనించి
బుగ్గ పక్కనుంచి గాలి వదలాలి.
కుక్కరు ఈల వెయ్యబోయి మానుకున్నట్టు వచ్చింది నాకు.
బదులుగా నేను "నీళ్ళు" అన్నాను.
ళ్ళ. నాలుక మడిచి, అంగిట్లో తట్టి.
ఆవిడ నీల్లు అంది, నీర్లు అంది, నవ్వేసింది.
ఇంగ్లీషులో రాస్తే
ఆ ళ్ళ, ఈ ఊదుడూ ఒకేలా ఉన్నాయి:
పక్కపక్కన నిలబెట్టిన రెండు అగ్గిపుల్లలు.

చివరికి ఒకటే ఉంచాం.
ఎందుకో చెప్పలేను.
చెరువు తనంతట తనే దొరికాక
మళ్ళీ గడ్డపార ఎందుకనిపించింది.

పిన్ని వీడియోలో అంతా విని
"నీరు పట్టుకుపోయారు సరే, నా *ద* ఏదే?" అంది.
"ద అంటే ఇచ్చేది. నీరద, నీళ్ళిచ్చే మబ్బు.
ఇవ్వడమొక్కటీ కోసి పారేశారు!"
నవ్వుతూనే అంది.
వెనకాల మెషీను ఎవరివో మార్కుల లిస్టులు కక్కుతోంది.

మెరిలిన్‌కి చెప్తే
సూదులు బయటికి తీసి మరీ అంది:
"ముక్కలు దాచండి.
మోకాలు చిరిగినప్పుడు అతుక్కి అవే."

ఏడాదిన్నర తర్వాత,
బయట అదే వాన.
టబ్బులో కూచుని
షాంపూ మూతతో సబ్బునీళ్ళు ముంచి
సగం నా మోచేతి మీద ఒలికించి
మిగతాది నా నోటికెత్తి
అంటోంది మా పిల్ల,

"ఇంద."