పన్నెండు ఉత్తరం, డెబ్బయ్యేడు తూర్పు

తురహళ్ళి గేటు దగ్గర ఆటో దిగి
ఫోను దాని చేతిలో పెట్టాను.
పన్నెండు ఉత్తరం, డెబ్బయ్యేడు తూర్పు,
ఆపైన చుక్క తర్వాత అంకెలు.
జియోక్యాషింగ్ అంటారు దీన్ని,
పేరు మర్చిపోయినా ఫరవాలేదు, నడు.
ఈశాన్య నన్నూ ఫోన్నీ మార్చి మార్చి చూసింది.
ఏడేళ్ళు. పేరులోనే దిక్కున్న పిల్ల,
ఇంకా కుడిచెప్పు ఎడమకాలికి తొడుక్కునే పిల్ల.

"ఎవరు దాచారు మామా?"
తెలీదు.
"ఎవరి కోసం?"
వెతికేవాళ్ళ కోసం.
"బంగారమా?"
కాదు.
"మరెందుకు?"
దీనికి పదేళ్ళుగా నా దగ్గర జవాబు లేదు.

నిలబడితే ముల్లు పిచ్చిదానిలా తిరుగుతుంది.
నాలుగడుగులు వేస్తేగానీ
ఎటు వెళ్ళాలో దానికీ తోచదు.
నేను చెప్పలేదు, తనే కనిపెట్టింది.
"ఆగకు మామా, ఆగితే మర్చిపోతోంది."

నీలగిరి ఆకులు కాళ్ళకింద చిటపట.
రాత్రి చల్లదనం ఇంకా వదలని బండ,
దాని అవతల కనకపుర రోడ్డు హారన్లు.
ఇరవై మీటర్లు. పన్నెండు. ఏడు.
మళ్ళీ పదకొండు.
"ఫోను అబద్ధాలాడుతోంది!"
అంత ఎత్తునుంచి చూసేవాటికి
ఇంతకంటే ఆనదమ్మా,
చివరి నాలుగు గజాలూ మన వేళ్ళే వెతుక్కోవాలి.

కుక్కతో ఒక పెద్దాయన వచ్చాడు.
లేసులే లేని చెప్పులకి
ముడి వేస్తున్నట్టు వంగింది చప్పున.
"ఏను హుడుకుతిద్దీరా?"
"ఏనూ ఇల్ల తాతా."
ఆయన వెళ్ళిపోయాడు.
కుక్క మాత్రం నమ్మలేదు.

మూడో రాయి వెనక
లంటానా గీరిన చెయ్యి మోచేతిదాకా దూర్చి
కేక పెట్టలేదు,
ఊపిరి లోపలికి లాక్కుంది, అంతే.
నల్లటేపు చుట్టిన కాఫీపొడి డబ్బా.
రెండు గోలీలు, ఒక మెట్రో టోకెను, ఒంటి చెవిపోగు,
తేమకి ఉబ్బిన బుల్లి నోటుబుక్కు.

పేరు రాయమన్నాను.
బళ్ళో నేర్చిన కన్నడంలో రాసింది.
కింద నేను తెలుగులో.
రెండూ పక్కపక్కన చూసి
"నీ అక్షరాలకి జుట్టు వేరేగా దువ్వారు" అంది.

ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాలి, అదీ రూలు.
నీలం గోలీ తీసుకుంది.
గౌను జేబులోంచి కాగితం మడత బయటికొచ్చింది.
మొన్న ఊడిన పాలపన్ను.
"కప్పుమీద వెయ్యమంది అమ్మమ్మ.
మాది ఆరో అంతస్తు కదా,
కప్పు మాది కాదు."

వద్దనబోయి ఊరుకున్నాను.
తీసుకున్నది: గోలీ.
పెట్టినది అన్నచోట కలం కాసేపు ఆగింది.
పన్ను అనే రాశాను.

తిరుగు ఆటోలో మాటల్లేవు.
బనశంకరి సిగ్నలు దగ్గర
నా చెవిలో అంది,
"అమ్మకి చోటు చెప్పకు."
మళ్ళీ నాలుక కొనతో
ఆ ఖాళీని తడుముకుంటూ కూర్చుంది.