పదకొండు సెకన్లు

మొఖోత్లాంగ్ కొండమీది బడిలో
చివరి బల్ల నాకిచ్చారు.
దానికి ఒక కాలు పొట్టి. కింద మడిచిపెట్టిన అట్టముక్క.
నా ఒడిలో స్టాప్‌వాచీ, గళ్ళ కాగితాలు.

నా పని చిన్నది.
టీచరు ప్రశ్న ముగించిన చోట బొత్తాం నొక్కడం,
మళ్ళీ మాట పుట్టిన చోట ఆపడం.
నడుమనున్న మౌనాన్ని తూచి గడిలో పొయ్యడం.
మౌనం ఎలాంటిదో కాగితం అడగదు.

మాలినేవో టీచరు ఆరో తరగతికి లెక్కలు చెబుతుంది.
సుద్దముక్క గోరంత అయ్యేదాకా పారెయ్యదు.
ప్రశ్న ఇంగ్లీషులో అడుగుతుంది,
కోపం మాత్రం సెసోతోలోనే వస్తుంది.
ముందు వరుసకి రెండు సెకన్లు ఇస్తుంది.
కిటికీ వరుసకి ఒకటిన్నర.
వెనక, గొర్రెబొచ్చు వాసన దుప్పట్లలో
ముగ్గురు పెద్ద కుర్రాళ్ళున్నారు.
వాళ్ళకి సగం సెకను.
రెప్ప వాల్చి ఎత్తేలోగా
ప్రశ్న వాళ్ళ తలలమీదుగా ఎగిరి
ముందు వరుసలో వాలిపోతుంది.

వాళ్ళలో సెఖోన్యానాకి పదహారేళ్ళు.
నాలుగు చలికాలాలు మందతో పైకొండల్లో ఉండి వచ్చాడు.
అక్కడ గంట ఉండేది గొర్రె మెడలోనే.
ఇప్పుడు పన్నెండేళ్ళవాళ్ళ బల్లలో
మోకాళ్ళు పట్టక అడ్డంగా కూర్చుంటాడు.
నా కాగితంలో అతని పేరు ముప్పై ఒకటి.
ముప్పై ఒకటికి ఎదురుగా తొమ్మిది రోజులూ ఒకటే గుర్తు:
జవాబు లేదు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర
అంకెలు టీచరుకి చూపించాను.
చూపించకూడదు నిజానికి.
ఆవిడ కాగితం తిరగేసి, మళ్ళీ తిప్పి,
"ఇది నేనేనా?" అంది.
కాసేపాగి, కెటిల్ మూత సర్దుతూ,
"ఎదురుచూస్తే మిగతావాళ్ళు నవ్వుతారమ్మా.
నవ్వు మొదలవకముందే ప్రశ్న వెనక్కి లాక్కుంటాను.
నీ గడియారానికి అది నిర్లక్ష్యంలా కనపడిందా?"

నేను చాలాసేపు మాట్లాడలేదు.
ఎంతసేపో కొలవలేదు.

మర్నాడు మంచు. మాకు ఆగస్టంటే చలికాలపు చివరి దెబ్బ.
పొగగొట్టంలో గాలి ఈల వేస్తోంది.
"నూట నలభై ఏడు గొర్రెలు.
తుఫానులో పంతొమ్మిది చచ్చిపోయాయి. మిగిలినవెన్ని?"
సుద్దముక్క సెఖోన్యానా వైపు తిరిగింది.
నొక్కాను.

రెండు.
మూడు. ముందు వరుసలో ఒక చెయ్యి లేచింది,
టీచరు కళ్ళతోనే దించింది.
ఐదు. ఎవడో కిసుక్కుమన్నాడు.
ఏడు. ఆ నవ్వుకి తోడు దొరకలేదు.
ఎనిమిది. టీచరు మెడమీద నరం నాకు కనిపిస్తోంది.
తొమ్మిది. పొయ్యిలో పిడక విరిగింది.
పది.
పదకొండులో, సెసోతోలో,
బల్లతో చెబుతున్నట్టు:
"చచ్చినవాటిలో చూలువి ఎన్ని?"

తరగతి మొత్తం వెనక్కి తిరిగింది.
టీచరు సుద్ద కింద పెట్టింది.
"వాటిని ఎలా లెక్కపెట్టాలో నువ్వు చెప్పు" అంది,
సెసోతోలో, కోపం లేకుండా.

నా కాగితంలో మూడే గళ్ళు.
ఒప్పు, తప్పు, జవాబు లేదు.
పెన్సిలు మూడింటిమీదా తచ్చాడి
కడకి అంచున ఒక మాట రాసింది: అడిగాడు.

మసేరులో ప్రొఫెసర్ మొఖెసి
అంకెల వరుస దిగుతూ వచ్చి పదకొండు దగ్గర ఆగాడు.
"బొత్తాం ఆపడం మరిచిపోయినట్టున్నావు.
తీసెయ్యి, సగటు పాడవుతుంది."
తీసేశాను.
సగటు చక్కగా వచ్చింది.

నివేదిక ఒక ప్రతి ఆ బడికి పంపాను.
నలభై పేజీలు. మడిస్తే
ఆ బల్లకాలి కిందికి సరిపోతుంది.

మిగిలినవి నూట ఇరవై ఎనిమిది.
అది నాకు మొదటి సెకనులోనే తెలుసు.
అతను అడిగింది అది కాదు.