పన్నెండో తిప్పు

మిర్చి సీజన్ల మొదటి సోమవారం
ఎనుమాముల రోడ్డు మీద నా గోనె సంచుల దుకాణం
షట్టర్ లేవనన్నది.

రాత్రి లోపల ఠంగుమన్నదట,
ఎదురుంగ చాయ్ బండి సమ్మక్క చెప్పింది.
ఇద్దరు హమాలీలు, ఒక ఆటో పిలగాడు, నేను,
నలుగురం పడితే నడుం దాకా వచ్చింది.
కింద ఇటుకలు పెట్టి
వంగి వంగి బేరాలు చేసిన ఆ రోజంతా.

స్ప్రింగు తొమ్మిది వందలు.
బిగించే కూలి ఇంకో ఎనిమిది వందలన్నడు యాకూబ్.
మనకు చేతులు లేవా?
సంచులు కుట్టే మిషను నుంచి కాటా ముల్లు దాకా
ఈ దుకాణంల నేను విప్పి బిగించనిది లేదు.

నిచ్చెన ఎక్కిన. ఇనుప రాడ్డు దూర్చిన.
ఒకటి. రెండు. మూడు.
నాలుగో తిప్పుకు అదే నన్ను తిప్పింది.
రాడ్డు చెవి పక్కనుంచి పోయి
బోర్డు మీద ‘సంచులు’ల సున్న రాలగొట్టి
మోరీల పడ్డది.
చాలాసేపు నిచ్చెన మీదనే కూసున్న.
దగ్గొచ్చింది, మిర్చి ఘాటుకు కాదు.

సాయంత్రం వచ్చిండు యాకూబ్.
చూపుడువేలు సగమే ఉంది. నేనడగలే.
బోర్డు చూసిండు, మోరీ చూసిండు, ఏమనలే.
రెండు రాడ్లు తీసిండు,
ఒకటి తిప్పుతుంటే ఒకటి ఆపుతది.
నాకు తెల్వనిది ఆ రెండోది.

పదకొండు దగ్గర ఆగిండు.
“ఇంకొకటి ఎయ్యరాదు, అల్కగ లేస్తది” అన్న.
“పన్నెండోది ఆశ, అక్కా.”

బోల్టు బిగించే ముందు
తన చెయ్యి వదలకుంటనే రాడ్డు నా చేతికిచ్చిండు.
“పట్టుకో, సూడు.”
పగ్గం గుంజుకునే కోడెలెక్క వణుకుతున్నది లోపల.
పదమూడేండ్ల సంది
రాత్రిపూట అలిసి కిందికి గుంజిన నా బలం
ఆ చుట్టల దాగి
పొద్దున మల్ల నాకే వస్తుండె.
చిట్టీ కట్టినట్టు.
కడుతున్న సంగతే నాకు తెల్వదు.

ఎనిమిది వందలు లెక్కపెట్టిన.
యాభై తగ్గియ్యమన్న, అలవాటు.
నవ్విండు. తగ్గియ్యలే.

ఇప్పుడు ఒంటి చేత్తో లేస్తున్నది షట్టర్.
బోర్డు మీద మాత్రం ఇంకా ‘సచులు’ అనే ఉంది,
మిర్చి రైతులు చదివి నవ్వుతున్నరు.
పెయింటరు రెండు వందలంటున్నడు.

సున్నే గదా.
అది నేనే పెట్టుకుంట.