స్యోంబువా కునుకు

కిటుయిలో ఏరంటే ఇసుకే.
నీళ్లు అడుగున, మోచేయి లోతున దాక్కుంటాయి.
తెలియనివాళ్లు ఎండిపోయిందనుకుని పోతారు.

ఆ ఏటికి అడ్డంగా మేం కట్టిన గోడకి
ఇరవై రెండేళ్లు.
మొదటి రాయి స్యోంబువా మోసింది.
మొదటి తిట్టూ ఆమెదే,
సిమెంటు పలచన చేసిన మేస్త్రీకి.

అప్పట్నుంచీ సంఘమంటే స్యోంబువా.
విత్తనాలు ఎప్పుడు పంచాలో ఆమెనడగాలి,
మేక ఈనినా ఆమెకు చెప్పాలి.
నలభై ఒక్కమంది ఆడవాళ్లం
ఒక్క నోటితో బతికాం.
తప్పని అనను. సుఖంగానే ఉండింది.

పోయిన గురువారం
డబ్బు పెట్టెకున్న మూడు తాళాల్లో
తన తాళంచెవి మెడలోంచి తీసి
కవాతా చేతిలో పెట్టింది.
దారం మాత్రం ఇవ్వలేదు.
"దీన్నిండా నా చెమటే. నీ దారం నువ్వు పేనుకో."

కవాతాకి ముప్పై నిండలేదు.
గొంతు సన్నం. లెక్క గట్టి.
లేచి నిలబడి నోరు తెరిచిందో లేదో
ముప్పై తొమ్మిది తలలు, నాదీ కలిపి,
గాలికి జొన్నచేను వాలినట్టు
స్యోంబువా వైపు తిరిగాయి.

స్యోంబువా నిద్రపోతోంది.
తుమ్మచెట్టు మొదలుకి వీపు ఆనించి,
నోరు కాస్త తెరిచి,
గురక పెట్టి మరీ.

నేను కోశాధికారిని. పక్కనే కూర్చునేదాన్ని.
ఆమె ఎడమకాలి బొటనవేలు చూశాను.
దుమ్ములో గీత గీస్తోంది, చెరుపుతోంది, మళ్లీ గీస్తోంది.
నిద్రపోయే మనిషి వేలు
అంత కోపంగా కదలదు.

కవాతా గుటక మింగింది.
"ఆలస్యానికి ఇరవై షిల్లింగుల జరిమానా
ఇవాళ్టితో తీసేద్దాం.
ఆలస్యమయ్యేది చంటిపిల్లల తల్లులకే."

ఆ జరిమానా స్యోంబువా పెట్టింది.
ఆ డబ్బుతోనే రెండో గోడకి పునాది తీశాం.

వేలు ఆగింది.

గురక మాత్రం
ఇంకొంచెం పెద్దదైంది.

ముందు ముయేని చెయ్యి లేచింది,
చంకలో బిడ్డ జారిపోతుంటే ఎగదోసుకుంటూ.
తరవాత లెక్క నా పని:
ఔనన్నవాళ్లు ఇరవై ఆరు.
కాదన్నవాళ్లు పద్నాలుగు.
నిద్రలో ఉన్నవారు ఒకరు.
'కాదు' అన్న గడిలో
ఇరవై రెండేళ్లలో మొదటిసారి
సిరా పడింది.

ఇంటికి పోతూ ఏట్లో చెలమ తీసి
నీళ్లు తేటపడేదాకా కూర్చున్నాం, ఆమే నేనూ.
ఆమె చెయ్యి మెడ దగ్గరకి పోయి
ఉత్త దారాన్ని తడిమి దిగింది.

"ఆ పిల్ల ఇంకాస్త గట్టిగా మాట్లాడాలి," అంది.
"నిద్రలో సగం వినపడలేదు."