పన్నెండు మార్కుల ప్రశ్న

నలభై ఒకటో ఏట
నా బి.ఏ. మూడో సంవత్సరమూ
మా ఊరి ప్రెసిడెంటు ఎలక్షనూ
ఒకే నెలలో వచ్చి పడినాయి.

ఆస్పరి పక్కన ఊరు మాది.
బడిలో నూటా ఆరుమందికి అన్నం వండుతా.
పప్పు ఉడికేలోపు ఒక పేజీ,
గుడ్లు ఉడికేలోపు రెండు.
పదో తరగతి లెక్కల్లో ఏడు మార్కులకు ఆగిపోయి
ఇరవై నాలుగేళ్లకు అర్హత పరీక్ష రాసిన దాన్ని.
రాజనీతిశాస్త్రం అట్ట మీద పసుపు వేళ్ల గుర్తులు.
దిద్దే సారు చూసేది అట్ట కాదులే.

పొద్దున ఉంగరం గుర్తు,
సాయంత్రం కత్తెర గుర్తు.
మైకు ఒకటే, ఆటో ఒకటే,
తోలేది మా ఆయన మాదన్న ఒక్కడే.
గంటకు ఇంతని ఇద్దరి దగ్గరా మాట్లాడుకున్నాడు.
"ఎవురు గెలుస్తారు?" అంటే
"డీజిలు" అంటాడు, ముద్ద మింగి.

ఈసారి మహిళా రిజర్వేషను.
ఫ్లెక్సీల్లో మొగుళ్లు నిలువెత్తున,
నిలబడిన ఆడోళ్లు మూలన, పాస్‌పోర్టు సైజులో.
నేను మూడుసార్లు చదివిన పాఠంలో
మొగుడనే మాట ఎక్కడా లేదు.

ఒక రాత్రి కత్తెర గుర్తు బజారమ్మ వచ్చింది.
ఓటు అడగలేదు. దండం పెట్టలేదు.
చెప్పులు చేత పట్టుకుని వాకిట్లోనే నిలబడి
"ఉశేనక్కా, నీ బుక్కులో
ప్రెసిడెంటు పనేందని రాసినారో రవ్వంత సదివి సెప్పు.
ఇంట్లో అడిగితే
నీకెందుకు, సంతకం నేర్చుకో సాలు అంటుండారు."

చదివినా.
నీళ్లు, వీధి దీపాలు, మురుగుకాలువ,
చెక్కు మీద సంతకం,
గ్రామసభ ఏడాదికి ఎన్నిసార్లు.
లెక్కలు ఎవరైనా అడగొచ్చు అనే కాడ ఆపమంది.
మళ్లీ చదవమంది.
"ఎవురైనా అంటే?"
"ఎవరైనా."
"ఓడిపోయినోళ్లు గూడానా?"
పుస్తకంలో వెతికినా. అట్లా రాయలేదు.
రాయకపోయినా అర్థం అదే అని చెప్పినా.
మూడేళ్ల చదువులో
నేను సొంతంగా చెప్పిన మొదటి జవాబు.

ప్రచారం బందయిన మర్నాడు పరీక్ష.
బస్సు ఎలక్షన్ డ్యూటీకి పోయింది.
మాదన్న ఫ్లెక్సీలు విప్పినాడు, మైకు విప్పలేదు.
ఆస్పరి దాటినాక
రెండు పక్కలా ఎండిన పత్తికట్టె తప్ప
నరమానవుడు లేని చోట
మైకు నోటి కాడ పెట్టుకుని, ఉఫ్ అని ఊది
నా హాల్ టికెట్ నంబరు చదివినాడు.
అంకె అంకె విడదీసి, రెండుసార్లు.
ఆ తర్వాత ఏం చెప్పాలో తెలీక
"మీ అమూల్యమైన..." అని ఆపేసినాడు.
కట్టెల్లోంచి గువ్వలు లేచిపోయినాయి.

ఆదోని సెంటర్లో
నన్ను చూసి ఒక పిల్లోడు లేచి నిలబడినాడు,
పేపర్లు పంచే మేడమనుకుని.
"కూచో నాయనా, నాదీ నీ వరసే."

నాలుగో ప్రశ్న, పన్నెండు మార్కులు.
గ్రామ పంచాయతీ అధికారాలు, విధులు వివరింపుము.
వాకిట్లో నిలబడిన మనిషికి చెప్పినట్టే రాసినా.
అడిషనల్ షీటు అడిగినా.

సుగ్గికి పోయినోళ్లను
గుంటూరు మిరప చేలనుంచి రెండు లారీల్లో తోలుకొచ్చినారు.
చార్జీ ఒకరిది, బిర్యానీ ఇంకొకరిది.
మంట తగ్గని వేళ్లకు సిరా పూయించుకుని
అదే లారీ ఎక్కి పోయినారు.

తొమ్మిది ఓట్లు.
తొమ్మిదంటే మా వీధిలో మూడిళ్లు.
వాళ్లింట్లో టపాసుల పెట్టె అట్లే ఉండిపోయింది.
ఆమె ఫ్లెక్సీ ఒకటి అడిగి తెచ్చుకుని
బడి వంటకట్టెల మీద కప్పినా.

జూన్‌లో నా రిజల్టు వచ్చింది. సెకండ్ క్లాసు.
బజారమ్మే ఆ పెట్టె మోసుకొచ్చి
మా ఇంటి ముందర అంటించింది.
సగం పేలినాయి. సగం బుస్సుమన్నాయి.

పొగలో దగ్గుకుంటా అడిగింది:
"ఆ పన్నెండుకు నీకు ఎన్ని ఏసినారక్కా?"
ప్రశ్న ప్రశ్నకు విడిగా చెప్పరులే అన్నా.
ఆమె నా మొగం దిక్కే చూసి
"లెక్క ఎవురైనా అడగొచ్చు అంటివే?"