గాలిమాట

ఒంటిగంట దాటింది.
బేకరీ నుంచి వచ్చి
మోచేతుల దాకా పిండి కడుక్కుని
పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను.
ఇవాళ గాలి లేదంది ఫోను.
ఆరు నాట్లు, మహా అయితే ఎనిమిది.
ఆ గాలికి కాగితప్పడవ కూడా బద్ధకిస్తుంది.

క్లిప్పు పెడుతుంటే
నీలిగళ్ళ దుప్పటి ఉన్నట్టుండి
చెంప మీద కొట్టింది.
మళ్ళీ కొట్టింది.
మూడోసారి తీగ మీంచి లేచి
నేలకు సమంగా నిలబడింది,
అవతలి కొస ఎవరో పట్టుకున్నట్టు.

పద్దెనిమిది, అన్నాయి నా చెవులు.

బట్టల బుట్ట గడ్డిలోనే.
సూపు గిన్నెలోనే.
రేపటికల్లా పంపాల్సిన పన్ను కాగితాలు
బల్ల మీద, ఉప్పుసీసా కింద.
సైకిలు వెనక బండిలో
పన్నెండు మీటర్ల పతంగు, బోర్డు పడేసి
కట్ట మీదికి తొక్కాను.
గొర్రెల గేటు మాత్రం ఆగి వేశాను.
గేటు వేయని మనిషిని మాక్కుం ఊరు
ఏడు తరాలు గుర్తుపెట్టుకుంటుంది.

కట్ట దిగువన చెర్క్ ఒక్కడే.
ముప్పై ఏళ్ళు పడవల కోసం
లాకు తలుపులు తీసి మూసినవాడు.
"గాలి లేదన్నారుగా, విట్స్కే?" అన్నాడు,
ఎగిరిపోతున్న టోపీ పట్టుకుని.

ఎన్నిసార్లు పట్టాడో నా పతంగును.
ప్రతిసారీ
పసిబిడ్డను చేతికందిస్తున్నట్టే వదులుతాడు.

గాలికి పోయేదాన్ని
ఒంటికి తగిలించుకోవద్దంటారు.
ఈ ఆటంతా అదే.
నడుముకి కొక్కెం బిగించుకుని మరీ
తగిలించుకోవడం.

మోకాళ్ళ లోతు నీళ్ళు, చాలా దూరం వరకూ.
ఒకప్పుడిది సముద్రం.
అడ్డంగా గోడ కట్టి ఉప్పు మాన్పించారు.
ఉప్పు మానింది గానీ
దుడుకు మానలేదు.

పాదాలు బోర్డులో దూర్చి
పతంగును నడినెత్తి నుంచి పక్కకు దించాను.
నాలుగు తాళ్ళూ బిర్రుమన్నాయి.
లేచాను.

నీటి చప్పుడు మారిపోయింది.
తాను గుడ్డను
ఈ కొస నుంచి ఆ కొసకి
సర్రున చింపుతున్న చప్పుడు,
ఆగకుండా, నా మడమల కింద.

ఎటు చూసినా ఇంకొక పతంగు లేదు.
కుర్రాళ్ళంతా ఫోను మాట నమ్మి
ఆఫీసుల్లో ఉండిపోయారు, పాపం.
(పాపం అన్నానే గానీ
అనుకోలేదు.)

మూడేళ్ళుగా నేను ఎగరలేదు.
మోకాలి డాక్టరు వద్దన్నాడని చెబుతుంటాను.
ఆయన అనలేదు.
భయం నాది, పేరు ఆయనది.

ఇవాళ ఎందుకో
చేతులు నన్ను అడగలేదు.
బారు లాక్కున్నాయి.
నీళ్ళు కిందకి వెళ్ళిపోయాయి.

పైన చప్పుడే లేదు.
చర్చి గడియారం కనిపించింది,
పడవల కర్రస్తంభాలు, ఎర్రపెంకుల వరస,
ఆ వరస చివర మా పెరడు,
గోరంత నీలం, ఇంకా చెయ్యూపుతూ.
యాభై రెండేళ్ళ నా బరువు
ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

దిగడం దిగలేదు, పడ్డాను.
ముక్కులోకి, నోట్లోకి సరస్సు.
దగ్గుతూ, నవ్వుతూ, మళ్ళీ దగ్గుతూ
చెర్క్ చూశాడేమోనని తిరిగితే
ఆయన అటు తిరిగి
గొర్రెకేదో నచ్చజెబుతున్నాడు.

ఇంకో ఆరుసార్లు ఎగిరాను.
రెండుసార్లు నిలబడే దిగాను.
సాక్ష్యానికి గొర్రెలున్నాయి.

నాలుగున్నరకి
ఎవరో తలుపు వేసినట్టు గాలి ఆగింది.
పతంగు ముందు తూలింది,
తర్వాత నీళ్ళ మీద కూలబడింది.
తాళ్ళు బారుకి చుట్టుకుంటూ
అరగంట నడిచాను నడుంలోతులో,
కాళ్ళు వణుకుతూ,
ఎవరి మీదా కోపం లేకుండా.

ఇంటికొచ్చేసరికి తీగ మీద క్లిప్పులు రెండే.
నీలిగళ్ళది అయిదో ఇంటివాళ్ళ
బీట్‌రూట్ మడిలో దొరికింది, బోర్లాపడి.

సూపు చల్లగానే తాగాను, నిలబడి,
జుట్టు నుంచి గిన్నెలోకి చుక్కలు పడుతుంటే.

రేపు మంచి గాలి ఉంటుందంటోంది ఫోను.
గాలిమాటలు నేను నమ్మను.
దుప్పటి ఎలాగూ
మళ్ళీ ఉతికి ఆరెయ్యాలి.