ప్లస్ ముందొక ప్రశ్న

రాత్రి పదకొండుంబావు.
ఆదోనిలో మా జిన్నింగు మిల్లు రోలర్లు ఆగిపోయినా
దూది ఇంకా గాల్లోనే ఉంది,
దిగడానికి తొందరేమీ లేనట్టు.
కీబోర్డు సందుల్లోంచి పింజలు ఊదుకుంటూ
ఖాజా ఫోను ఎత్తాను.

"గేటు తీయడంల్యా అక్కా.
నూటిరవై బేళ్ళు బండ్లో ఉండాయి, బిల్లు నా చేతిలో ఉంది.
అయినా కాగితం రాలేదంటాండారు.
మరి ఇదేంది సామీ అంటే
ఇది కాదంట, కనపడని కాగితమంట."

కనపడని కాగితం.
నిన్న సాయంత్రం నేనే పంపాను.
బండి ఇక్కడ కదలకముందే తీగ మీద ఉరికి
కోయంబత్తూరు మిల్లులో దిగి
వెనక వచ్చేదెవరో, ఏ లాటో, ఎంత బరువో
చెప్పిపెట్టాల్సిన పని దానిది.
తిరిగి ఒక ముక్క వచ్చింది కూడా: అందింది.
ఆ ఒక్క మాట నమ్మి ఇంటికి పోయి పడుకున్నాను.

ఉరుకుందప్ప అయితే నిద్రపోయేవాడు కాదు.

మార్కెట్ యార్డులో నలభై ఏళ్ళు దలాలీ చేసినాయన.
తుండుగుడ్డ కింద చేయి పెట్టి
వేళ్ళతో ధర మాట్లాడేవాడు.
రెండు వేళ్ళు పడితే రెండు వందలు,
మణికట్టు తాకితే అందులో సగం.
పైన మొహం మాత్రం
వానొస్తుందా రాదా అని
మబ్బులతో వేరే బేరం చేస్తుండేది.
చుట్టూ ఇరవై మంది నిలబడ్డా
లెక్క రెండు చేతులకే తెలుసు.

నేను మిల్లులో చేరిన కొత్తలో
నా అరచేతిని ఒకసారి నొక్కి అడిగాడు,
"ఇదేందో చెప్పు మ్మా."
ఒప్పుకున్నట్టు, అన్నాను.
"ఊహూ. విన్నా, అని.
ఒప్పుకున్నోడు గుడ్డ తీస్తాడు."

అందింది అంటే అంతే.
కవరు చేరింది, అంచులు చిరగలేదు.
లోపలేముందో
ఇంకా ఎవరూ చదవలేదు.

పంపినదాన్ని విప్పి చూస్తాను.
మనుషులు చదవడానికి రాసింది కాదది,
సందు లేకుండా తొక్కి కుక్కిన బోరెం లాంటి వరుస.
ప్లస్ గుర్తు పడ్డచోటల్లా ఒక గోడ.
గోడకీ గోడకీ మధ్య ఒక గది.
ఒకదాంట్లో రకం, పక్కదాంట్లో బరువు,
ఆ పక్కన బేళ్ళు.
ఎవరి గదిలో వాళ్ళుంటేనే కాపురం.

దొరికింది.

రకం దగ్గర నేను కొట్టింది ఏ ప్లస్.
మా షావుకారు గేటు బోర్డు మీద
ఎర్రరంగుతో రాయించుకున్న గ్రేడు.
అవతలి యంత్రానికి
ఆ పొగడ్త గోడై నిలబడింది.
ఏ ఒక్కటే ఇవతల మిగిలి
తర్వాతవాళ్ళంతా ఒక్కో గది జరిగారు.
బరువు పోయి బేళ్ళ గదిలో కూర్చుంది,
బేళ్ళు వీధిలో పడ్డాయి.
ఇరవై వేల నాలుగు వందల బేళ్ళు!
ఆదోని చుట్టుపక్కల దూదంతా
ఖాజా ఒక్కడి లారీలో.

ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను.
నవ్వు ఆగాక
వాడు తిన్నాడో లేదో అడగనే లేదని గుర్తొచ్చింది.

మందు చిన్నదే.
ప్లస్ ముందు ఒక ప్రశ్నార్థకం పెట్టాలి.
దాన్ని చూస్తే యంత్రం
వెనకున్న గుర్తుని గోడ అనుకోదు,
మామూలు అక్షరంలా పోనిస్తుంది.
బళ్ళో, ఇంట్లో, ఈ ఆఫీసులో
నేను ప్రశ్న వేసినచోటల్లా గోడ లేచింది.
ఇక్కడొక్కచోట
ప్రశ్న ఉంటేనే గోడ లేదు.
వేలు కాసేపు ఆ మీట మీదే ఉంచాను.

మళ్ళీ పంపాను.
అందింది, అని వచ్చింది.
కుర్చీలోంచి లేవలేదు.
టీ చల్లారింది, మీద ఒక పింజ వాలింది.
ఒంటిగంట దాటాక రెండో ముక్క వచ్చింది,
గుడ్డ తీసిన ముక్క.

"తీసినారక్కా గేటు. ఇంతకీ ఏమయింది?"
"బరువు పక్కింట్లోకి పోయింది లే ఖాజా."
"ఓ, అట్లనా" అన్నాడు,
అలాంటివి ఎన్నో చూసినవాడిలా.
ఫోను పెట్టెయ్యడం మరిచిపోయాడు.
ఇనప గేటు జరిగిన చప్పుడు
చివరిదాకా విన్నాను.